ఆవు మెడపట్టీ పరికరం: 60 నుంచి 3,000కి వెళ్లాలంటే ముందు ఏది కొనాలి?

పలుపుతాడు_టెక్
మేము నలుగురం. రేణిగుంట దగ్గర అద్దె షెడ్డులో పాడి ఆవులకు మెడపట్టీ పరికరం తయారు చేస్తున్నాం. లోపల కదలిక కొలిచే యాక్సిలరోమీటర్, తక్కువ కరెంటుతో దూరం పంపే లోరా రేడియో, ఒక లిథియం సెల్ ఉంటాయి. ఆవు నడక, నెమరు, తల కదలిక చూసి ఎదకొచ్చినట్టు అనిపిస్తే రైతు ఫోన్‌కు మెసేజ్ పోతుంది. పలమనేరు, బంగారుపాళ్యం, ఐరాల వైపు 60 ఆవులకు కట్టాం. రైతులు తీసేయమనడం లేదు, ఇంకో ఆవుకు కూడా కట్టమంటున్నారు.

ఇప్పుడొక డెయిరీ ఆరు నెలల్లో 3,000 అడుగుతోంది. ఇంతవరకు బోర్డులు చేత్తో టంకం వేశాం, డబ్బాలు త్రీడీ ప్రింటర్‌లో తీశాం. 3,000కి ఆ దారి పనికిరాదు. మాలో ఇద్దరు బోర్డు మీద భాగాలు పెట్టే చిన్న పిక్ అండ్ ప్లేస్ మెషీన్, టంకం కరిగించే రీఫ్లో ఓవెన్ కొని సొంత లైన్ పెడదామంటున్నారు. నేను బయట చేయిద్దామంటున్నాను. చేతిలో ఉన్న డబ్బు ఒక పెద్ద ఖర్చుకే సరిపోతుంది. ఈ పని చేసినవాళ్లు చెప్పండి, ఆ డబ్బు ముందు దేనిమీద పెట్టాలి?

శ్రీసిటీ_బి_షిఫ్ట్
మెషీన్ వద్దు. నేను పనిచేసేది బోర్డు మీద భాగాలు ఎక్కించే ఎస్‌ఎంటీ లైన్‌లోనే. మీ బోర్డులు 3,000 అంటే మామూలు లైన్ మీద ఒకట్రెండు షిఫ్టుల పని. మిగిలిన రోజులన్నీ మెషీన్ ఖాళీగా ఉంటుంది, దాని ఆపరేటర్ జీతం మాత్రం నడుస్తుంది. చెన్నైలో, బెంగళూరులో ఇంత చిన్న లాట్లు తీసుకునే జాబ్‌వర్క్ వాళ్లు ఉన్నారు. మా లాంటి పెద్ద ఫ్యాక్టరీలు మాత్రం 3,000 అంటే కొటేషన్ కూడా ఇవ్వవు, అక్కడ తిరిగి టైం పోగొట్టుకోకండి.

టంకం_వాసన
పైవాళ్లతో ఒప్పుకోను. సొంత మెషీన్ ఉంటే డిజైన్ పొద్దున మార్చి సాయంత్రానికి బోర్డు చూడొచ్చు. బయటికిస్తే ప్రతి మార్పుకూ టంకం పూసే కొత్త స్టెన్సిల్ రేకు, కొత్త కొటేషన్, వారాల తరబడి ఎదురుచూపు. 60 చేసినవాళ్ల డిజైన్ 3,000 దాకా మారకుండా ఉంటుందా?

శ్రీసిటీ_బి_షిఫ్ట్
మారుతుందనే నేనూ చెప్తున్నా అన్నా. అందుకే 3,000 ఒకేసారి దింపకుండా ముందు 200 చేయాలి. అయినా మెషీన్ కొన్నంత మాత్రాన లైన్ అయిపోదు. సోల్డర్ పేస్ట్ ఫ్రిజ్‌లో పెట్టాలి, వాడేముందు కొన్ని గంటలు బయట ఉంచి గది వేడికి రానివ్వాలి, తేమ లాగే చిప్‌లను ప్యాకెట్ విప్పాక లెక్క ప్రకారం వాడేయాలి. ఎంఎస్ఎల్ 3 (తేమను తట్టుకునే తరగతి) చిప్ అయితే 30 డిగ్రీలు, 60 శాతం తేమ లోపు 168 గంటలే. ఏసీ లేని షెడ్డులో మన ఎండాకాలం, ఆ తర్వాత అక్టోబరు వానలు. అక్కడ ఆ 168 కూడా నిలవదు.

టంకం_వాసన
ఆ మాట నిజమే. ప్రోటోటైప్ పనికి చిన్న మెషీన్ బాగుంటుందని నా ఉద్దేశం. 3,000 దానిమీదే తీయమని అనడం లేదు.

గాజులమండ్యం_మోల్డ్
బోర్డు గొడవ తర్వాత. డబ్బా సంగతేమిటి? త్రీడీ ప్రింట్ డబ్బా మోల్డుకు, అంటే కరిగిన ప్లాస్టిక్ పోసే డైకి, నేరుగా పనికిరాదు. గోడ మందం అంతటా ఒకేలా ఉండాలి, లేకపోతే మందంగా ఉన్నచోట గుంత పడుతుంది. గోడలకు డ్రాఫ్ట్ కోణం, అంటే కొంచెం వాలు, లేకపోతే ముక్క డైలోంచి ఊడి రాదు. అసలు ఏ ప్లాస్టిక్ అనుకుంటున్నారు?

పలుపుతాడు_టెక్
ఇప్పుడు పీఈటీజీ. మోల్డుకు ఏబీఎస్ అనుకున్నాం. ఒకాయన పాలీకార్బొనేట్ అయితే గట్టిగా ఉంటుందన్నాడు.

గాజులమండ్యం_మోల్డ్
రెండూ వద్దు. ఏబీఎస్ రోజంతా ఎండలో ఉంటే పసుపుపచ్చగా మారి పెళుసవుతుంది. పాలీకార్బొనేట్ దెబ్బకు తట్టుకుంటుంది కానీ అమ్మోనియాకు, క్షారాలకు ఓర్చుకోదు. ఆవుల పాకలో మూత్రం వాసన ఘాటుగా వస్తుందే, అదే అమ్మోనియా. రోజూ అదే గాలిలో వేలాడే డబ్బాకు సన్నని పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్లలోంచి నీళ్లు పోతాయి.

ఏఎస్ఏ చూడండి. ఏబీఎస్‌కు తమ్ముడే, ఎండకు నిలుస్తుంది, కార్ల బయటి భాగాలకు వాడతారు. ఇంకో లాభం ఏమిటంటే దాని కుదింపు కూడా ఏబీఎస్ లాగే సుమారు 0.4 నుంచి 0.7 శాతం. ఏబీఎస్ కోసం కోసిన డైలోనే ఏఎస్ఏ పోస్తే కొలతలు దాదాపు అవే వస్తాయి. చౌకగా వస్తుందని పాలీప్రొపిలీన్‌కు మారితే అది 1 నుంచి 2.5 శాతం దాకా కుదించుకుపోతుంది, మూత డబ్బాకు పట్టదు. అందుకే ప్లాస్టిక్ తేల్చుకున్నాకే డై కోయించండి.

టంకం_వాసన
మోల్డ్ అన్నా, స్క్రూలు, ఇన్సర్టుల సంగతి కూడా చెప్పు. చాలామంది స్క్రూ పట్టడానికి ప్లాస్టిక్ లోపల ఇత్తడి ఇన్సర్టులు పెడతారు.

గాజులమండ్యం_మోల్డ్
బయటి గాలి తగిలేచోట ఇత్తడి వద్దే వద్దు. ఒత్తిడిలో ఉన్న ఇత్తడిని అమ్మోనియా పగలగొడుతుంది. ఇది మన దేశంలోనే బయటపడిన సంగతి. బ్రిటిష్ సైన్యం తూటాలను గుర్రపుశాలల్లో దాచేది, వానాకాలంలో ఇత్తడి కేసులు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియానే కారణమని 1921లో తేల్చారు. మీ పరికరం ఉండేదీ పశువుల పాకలోనే. స్టెయిన్‌లెస్ స్టీల్ వాడండి.

పలుపుతాడు_టెక్
ఇది మాకు తెలియదు. ఇప్పుడున్న డబ్బాల్లో ఇత్తడి ఇన్సర్టులే. రేపే మా దగ్గరున్న డబ్బాలు విప్పి చూస్తాం.

పుంగనూరు_పొట్టిది
పట్టీ పొడవు ఎంత పెట్టారు? మా ఇంట్లో ఉన్నది పుంగనూరు ఆవు. హెచ్‌ఎఫ్ ఆవు మెడకు చేసిన పట్టీ కడితే దానికి నడుముకు వడ్డాణం అవుతుంది :)

పలుపుతాడు_టెక్
వడ్డాణం కూడా అందంగానే ఉంటుంది అక్కా :) చిన్న సైజు చేస్తాం. ప్రస్తుతం జెర్సీ క్రాస్, హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవులకే చేస్తున్నాం, డెయిరీకి పాలు పోసేవాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేవి అవే.

డాక్టర్_కొమ్ము
నేను పశువైద్యుడిని, చదివింది తిరుపతి వెటర్నరీలో. ఈ పరికరం తప్పితే ఏం జరుగుతుందో ఒక్కసారి చెప్తాను, ఫ్యాక్టరీ మాటలు ఆ తర్వాత.

ఆవు సగటున 21 రోజులకోసారి ఎదకొస్తుంది. ఎద ఉండేది సుమారు 12 నుంచి 18 గంటలు, ఎండాకాలంలో ఇంకా తక్కువ. మూగ ఎద అయితే అరుపు ఉండదు, తీగలు కూడా సరిగా కనిపించవు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రను పిలిచి ఆ సూది వేయించాలి. ఒక్క ఎద తప్పిందంటే 21 రోజుల మేత ఖర్చు రైతు నెత్తిన పడుతుంది, ఈత అంతమేరకు వెనక్కి పోతుంది. తప్పుడు మెసేజ్ వచ్చినా నష్టమే. సూది డబ్బులు పోతాయి, ఆ తర్వాత ఆ రైతు మీ మెసేజ్ నమ్మడు.

60 ఆవులైతే మీరే స్వయంగా వెళ్లి పట్టీ సరిచేసి ఉంటారు. 3,000కి మీరు వెళ్లలేరు. కట్టేది డెయిరీ సూపర్‌వైజరో, పాలకేంద్రం కుర్రాడో. పట్టీ వదులైతే డబ్బా మెడ కిందికి జారిపోతుంది, కొలత మారిపోతుంది. దానికి మీ దగ్గర జవాబు ఉందా?

పలుపుతాడు_టెక్
ఉంది సార్. పట్టీ కింద ఒక బరువు పెట్టాం, దానివల్ల డబ్బా ఎప్పుడూ మెడ పైభాగంలో ఎడమవైపు ఉంటుంది. రేడియోకు కూడా అదే మంచిది, యాంటెన్నా కండకు ఆనుకుంటే సిగ్నల్ పడిపోతోంది. బిగింపుకు మాత్రం ఇంతవరకు "రెండు వేళ్లు దూరాలి" అని నోటిమాటే.

బంగారుపాళ్యం_పాడి
మా ఇంట్లో రెండు ఆవులకు ఈయన పరికరమే కట్టారు. పనిచేస్తుంది. మెసేజ్ వచ్చిన రోజు మా అమ్మకు ఆవును చూస్తే ఏమీ తెలియలేదు, గోపాలమిత్ర వచ్చి చెక్ చేసి ఎద నిజమే అన్నాడు. ఇప్పుడది ఐదు నెలల చూడి.

ఒక మాట చెప్పాలి. బకిల్ దగ్గర పట్టీ అంచు గరుకుగా ఉంది, వెంట్రుకలు రాలి చర్మం ఎర్రబడింది. రెండో ఆవు కట్టుకొయ్యకు మెడ రుద్దుతూనే ఉంటుంది, డబ్బా మీద గీతలు పడ్డాయి. దూడ పట్టీని నాకి నాకి కొరికేస్తోంది. 3,000 చేసేముందు ఇవి సరిచేయండి తమ్ముడూ.

పలుపుతాడు_టెక్
అంచును వేడి కత్తితో కోయడం వల్ల ఆ గరుకు వచ్చిందన్నా. మడిచి కుట్టించిన పట్టీ తెస్తాను, ఆదివారం వచ్చి మారుస్తా.

ఇప్పుడు అసలు నొప్పి చెప్తాను. 60లో 7 డబ్బాల్లోకి నీళ్లు పోయాయి. మా దగ్గర ఐపీ67 టెస్ట్ చేశాం, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. 60కి 60 పాసయ్యాయి. కడితే మాత్రం మే నెల వానలకే తడిశాయి. రబ్బరు గాస్కెట్ మార్చినా అదే పరిస్థితి. ఎందుకో అర్థం కాక టెన్షన్‌గా ఉంది, 3,000లో ఇదే నిష్పత్తి అయితే 350 డబ్బాలు.

ఒత్తిడి_లెక్క
మీ టెస్ట్‌లో డబ్బా, నీళ్లు రెండూ గది వేడిమీదే ఉన్నాయి కదా. ఆవు మెడ మీద అట్లా ఉండదు.

మధ్యాహ్నం మూడుకు ఎండలో నల్ల డబ్బా లోపల 55 డిగ్రీలు ఉందనుకోండి. నాలుగింటికి గాలివాన. డబ్బా పది నిమిషాల్లో 25కి పడిపోతుంది. లోపలి గాలి పీడనం దాదాపు 9 శాతం తగ్గుతుంది. నీటి లెక్కలో చూస్తే సుమారు 90 సెంటీమీటర్ల లోతు. అంటే వాన పడిన ప్రతి సాయంత్రమూ డబ్బా లోపలినుంచే నీళ్లను పీలుస్తోంది, మీరు ల్యాబ్‌లో పెట్టిన మీటరు లోతంత బలంతో. పైగా వేడికి గాస్కెట్ సాగి ఉంటుంది, ఆవు తల విదిలిస్తూ ఉంటుంది. ఒకసారి నిలిచే గాస్కెట్ వందసార్లు నిలవదు.

రెండు దారులున్నాయి. ఒకటి, గాలి పోయి నీళ్లు పోని పొర ఉంటుంది, ఈపీటీఎఫ్ఈ వెంట్ అంటారు. చిన్న రంధ్రం మీద అతికిస్తే లోపలి బయటి పీడనం సమానమవుతుంది, గాస్కెట్ మీద భారం పడదు. పేడ మెత్తుకోకుండా దాన్ని కిందివైపు, అడ్డుగోడ చాటున పెట్టాలి. రెండు, లోపల గాలే లేకుండా పాలీయురిథేన్ పోసి నింపేయడం.

ఏ దారి పట్టినా టెస్ట్ మార్చండి. ఓవెన్‌లో 60 డిగ్రీలకు వేడిచేసి వెంటనే చల్లటి ఉప్పునీళ్లలో ముంచండి. మళ్లీ వేడి, మళ్లీ ముంచడం. మంచి డబ్బా ఏదో కారే డబ్బా ఏదో సాయంత్రానికి తెలుస్తుంది.

టంకం_వాసన
ఈ పోస్టు పిన్ చేయండి ఎవరైనా. ఇంకో చవక పద్ధతి: చల్లటి డబ్బాను వేడినీళ్లలో ముంచితే లోపలి గాలి వ్యాకోచించి కారేచోట బుడగలు వస్తాయి. ఏ మూల కారుతోందో కళ్లకు కనిపిస్తుంది.

పలుపుతాడు_టెక్
ఒత్తిడి_లెక్క గారూ, ఈ రాత్రే చేసి చూస్తాను. ఏడు డబ్బాలూ మధ్యాహ్నం ఎండ, సాయంత్రం వాన పడ్డ రోజుల్లోనే పోయాయి. పాకలోనే ఉండే ఆవుల డబ్బాలు ఒక్కటీ తడవలేదు.

శ్రీసిటీ_బి_షిఫ్ట్
పాటింగ్, అదే పాలీయురిథేన్ లాంటిది పోసి నింపే ఆలోచన ఉంటే ఒక్క హెచ్చరిక. పోశాక బోర్డు ముట్టుకోలేరు. అన్ని టెస్టులూ పోయకముందే అయిపోవాలి. యాంటెన్నా ట్యూనింగ్ కూడా ఆ పదార్థం పోశాక మారిపోతుంది, మళ్లీ కొలవాలి. గట్టి ఎపాక్సీ అయితే గట్టిపడేటప్పుడు కుదించుకుని క్రిస్టల్ మీద, టంకం మీద ఒత్తిడి పెడుతుంది, మెత్తటి రకం చూసుకోండి.

పోగోపిన్
ఇంతసేపూ ఎవరూ జిగ్ మాట, అంటే బోర్డును పిన్నులతో నొక్కి పరీక్షించే చట్రం మాట, ఎత్తలేదు. మొదటి ప్రశ్నకు నా జవాబు అదే. ఆ డబ్బు టెస్ట్ జిగ్ మీద పెట్టండి. బోర్డు ఎవరైనా ఎక్కిస్తారు, డబ్బా ఎవరైనా పోస్తారు. ఈ బోర్డు మంచిదా కాదా అని చెప్పగలిగింది మీరొక్కరే. అది మీ చేతిలో లేకుండా 3,000 చేయిస్తే మీ టెస్టింగ్ పాకల్లో, రైతుల డబ్బుతో జరుగుతుంది.

లెక్క చూడండి. మీ తయారీలో పది స్టేజీలున్నాయనుకుందాం, ఒక్కోచోట నూటికి 98 మంచివి. చివరికి మిగిలేది 82 మాత్రమే. 98 వినడానికి బాగుంటుంది, 3,000లో అది 540కి పైగా చెడ్డ ముక్కలు. ఏ స్టేజీలో పోతోందో జిగ్ చెప్పాలి.

మీ పరికరానికి అన్నిటికంటే ముఖ్యమైన కొలత నిద్ర కరెంటు, అంటే పని లేనప్పుడు బోర్డు తాగే కరెంటు. నేను చేసిన ఒక సెన్సర్ బోర్డులో నిద్ర కరెంటు 12 మైక్రోఆంపులు ఉండాలి. జాబ్‌వర్క్‌లో ఒక లాట్ బోర్డులను సరిగా కడగలేదు, టంకంలోని ఫ్లక్స్ మిగిలింది. పొడి గాలిలో అంతా బాగానే ఉంది. తేమ తగిలాక అదే బోర్డు 80 తాగడం మొదలుపెట్టింది. బోర్డు పనిచేస్తూనే ఉంటుంది, మెసేజ్ పంపుతూనే ఉంటుంది, కాబట్టి మామూలు ఫంక్షన్ టెస్ట్‌లో దొరకదు. 2,400 ఎంఏహెచ్ సెల్ మీద 80 అంటే మూడున్నరేళ్ల లోపే ఖాళీ, పంపే ఖర్చు కలపకుండానే.

ఈ కొలతకు టైం పడుతుంది. బోర్డు నిద్రలోకి జారి కరెంటు నిలకడ అయ్యేదాకా ఆగాలి, 40 సెకన్లు అనుకోండి. ఒక్కొక్కటిగా 3,000 అంటే 33 గంటలు. ఎనిమిది బోర్డుల ప్యానెల్‌ను ఒకేసారి నొక్కే జిగ్ అయితే ఆ పని ఒక పూటలో అయిపోతుంది. అందుకోసం బోర్డు డిజైన్‌లోనే టెస్ట్ పాయింట్లు, ప్యానెల్ అంచు, మెషీన్ బోర్డును సరిచూసుకునే ఫిడ్యూషియల్ గుర్తులు ఉండాలి. మీ బోర్డులో టెస్ట్ పాయింట్లు ఉన్నాయా?

పలుపుతాడు_టెక్
ప్రోగ్రామింగ్ కోసం నాలుగు ఉన్నాయి. కరెంటు కొలవడానికి విడిగా లేవు.

పోగోపిన్
అయితే బోర్డు ఒకసారి మారక తప్పదు. పిన్నులు నొక్కే వైపు ఎత్తైన భాగాలు లేకుండా చూసుకోండి.

రిచీ_స్ట్రీట్_రెగ్యులర్
విడిభాగాల సంగతి. 3,000 బోర్డులకు 3,000 ముక్కల రీల్ కొంటే సరిపోదు. ఫీడర్‌కు ఎక్కించేటప్పుడే కొన్ని పోతాయి, మెషీన్ కొన్ని జారవిడుస్తుంది. కెపాసిటర్లు, రెసిస్టర్లు ధారాళంగా కొనండి, చవకే. ఖరీదైన చిప్‌లకు కూడా కొంచెం అదనం ఉండాలి. లేకపోతే 2,960 దగ్గర లైన్ ఆగిపోతుంది.

కీలకమైన చిప్‌లు మాత్రం చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో చిల్లరగా కొనకండి. నేను ఎప్పుడూ అక్కడే తిరిగేవాడిని కాబట్టి చెప్తున్నా. ప్రోటోటైప్‌కు ఆ వీధి బంగారం. 3,000కి మాత్రం అధీకృత డిస్ట్రిబ్యూటర్ బిల్లు కావాలి, పాత చిప్‌లకు కొత్త ముద్ర వేసి అమ్మేవాళ్లు ఉన్నారు.

డాక్టర్_కొమ్ము
సెన్సర్ దొరక్కపోతే దానికి బదులు ఇంకోటి పెడతారా? అలా పెడితే నెమరు లెక్క మారదా?

రిచీ_స్ట్రీట్_రెగ్యులర్
మంచి ప్రశ్న సార్. రెండు కంపెనీల యాక్సిలరోమీటర్లు కాళ్ల అమరికలో ఒకేలా ఉన్నా, లోపలి ఎక్స్, వై దిశలు తేడాగా ఉండొచ్చు. బోర్డు మీద చక్కగా కూర్చుంటుంది, కానీ తల దించడం తల తిప్పడంలా నమోదవుతుంది. బదులు భాగం ఏదైనా సరే ముందు ఆవుకు కట్టి చూడాలి, కాగితం చూసి ఒప్పుకోకూడదు.

కరకంబాడి_కరెంటు
సెల్ ఏది వాడుతున్నారు? పక్కనే కరకంబాడిలో అమరరాజా ఉంది కదా, అక్కడ దొరకదా?

పలుపుతాడు_టెక్
మాది ఈఆర్14505, 3.6 వోల్టుల థయొనిల్ క్లోరైడ్ సెల్, ఏఏ సైజు, రీచార్జ్ కాని రకం. కరకంబాడిలో వాళ్లు ప్రధానంగా చేసేది లెడ్ యాసిడ్. వాళ్ల లిథియం సెల్ ఫ్యాక్టరీ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, అదీ రీచార్జబుల్ రకానికే. మా సెల్ వేరు.

పోగోపిన్
ఆ సెల్‌తో జాగ్రత్త. గోదాములో కొన్ని నెలలుంటే లిథియం మీద సన్నని పొర కడుతుంది. ఆ పొర వల్లే అది ఏళ్ల తరబడి నిలువ ఉంటుంది. కానీ మొదటిసారి లోరా రేడియో ఒక్కసారిగా వంద మిల్లీఆంపులు అడిగితే వోల్టేజ్ కుంగిపోయి చిప్ రీసెట్ అవుతుంది. లేచి మళ్లీ పంపబోతుంది, మళ్లీ రీసెట్. మీ 60లో సెల్స్ తాజావి కాబట్టి ఇది కనిపించి ఉండదు. 3,000 సెల్స్ ఒకేసారి కొని మెల్లగా వాడితే చివరి వెయ్యిలో కనిపిస్తుంది. పక్కన ఒక సూపర్ కెపాసిటర్ పెట్టండి, రేడియో కరెంటు అది ఇస్తుంది.

సర్టిఫికెట్_సుబ్బు
ఇక కాగితాలు. మీ రేడియో వాడే 865–867 మెగాహెర్ట్జ్‌కు లైసెన్స్ అక్కర్లేదు, కానీ కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ నుంచి ఈటీఏ (పరికరానికి ఆమోదపత్రం) కావాలి, సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు. స్మార్ట్‌వాచీలు, రీచార్జబుల్ లిథియం సెల్స్ బీఐఎస్ తప్పనిసరి రిజిస్ట్రేషన్ కిందికి వస్తాయి. మీ సెల్ రీచార్జబుల్ కాదు కాబట్టి ఆ సెల్ నిబంధన మీకు తగలదు. రేపు చార్జింగ్ సెల్‌కు మారితే తగులుతుంది, అప్పుడు ఐఎస్ 16046 ఉన్న సెల్ కొనాలి. రవాణాకు మాత్రం యూఎన్ 38.3 (సెల్ భద్రతా పరీక్షల) రిపోర్టు అడిగి తీసుకోండి. విడి లిథియం మెటల్ సెల్స్ ప్రయాణికుల విమానంలో ఎక్కించరు, ఆరు నెలల లెక్కలో ఆ ఆలస్యం కలుపుకోండి. రేడియో తరంగాల టెస్ట్‌లకు చెన్నై తరమణిలో సమీర్ ల్యాబ్ ఉంది, మూడు గంటల ప్రయాణం.

ఆడిటర్_అక్క
డెయిరీ డబ్బు ఎప్పుడిస్తానంది? ఈ చర్చలో అందరూ సెల్ గురించి, ప్లాస్టిక్ గురించి మాట్లాడుతున్నారు. చిన్న తయారీదారుడిని ముంచేది ఎక్కువగా క్రెడిట్ పీరియడే.

పలుపుతాడు_టెక్
సరుకు అందిన 90 రోజులకు అంటున్నారు మేడమ్. అడ్వాన్సు మాట ఇంకా తేలలేదు.

ఆడిటర్_అక్క
90 ఒప్పుకోకండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ వెంటనే చేయించండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి గడువు పెట్టకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టమే చెప్తోంది. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలవారీ చక్రవడ్డీ. 2023–24 నుంచి 1961 నాటి ఆదాయపన్ను చట్టంలో 43బీ(హెచ్) కూడా వచ్చింది, గడువులోగా ఇవ్వకపోతే ఆ ఏడాది కొన్నవాళ్లకు ఆ ఖర్చు మినహాయింపు రాదు. కాబట్టి వాళ్ల ఆడిటరే వాళ్లకు చెప్తాడు. గొడవగా కాకుండా "మా ఆడిటర్ ఇలా అంటున్నారు" అని మెయిల్ పెట్టండి చాలు.

ఇంకో సంగతి. 3,000ని మూడు విడతలు చేయండి, ప్రతి విడత విడిభాగాల ఖర్చు అడ్వాన్సుగా అడగండి. చిప్‌లు ఆర్డర్ పెట్టిన రోజు నుంచి రైతు చేతికి చేరేదాకా డబ్బు మొత్తం మీదే ఇరుక్కుంటుంది.

రేణిగుంట_రన్నర్
ఇంత తలనొప్పి ఎందుకు? చైనా నుంచి రెడీమేడ్ ఆవు పరికరాలు దొరుకుతున్నాయి. తెప్పించి స్టిక్కర్ వేసి అమ్మండి.

బంగారుపాళ్యం_పాడి
అన్నా, పరికరం పాడైతే ఆదివారం మా ఇంటికొచ్చి పట్టీ మార్చేది ఆ స్టిక్కర్ కాదు కదా.

డాక్టర్_కొమ్ము
ఇంకో కారణం కూడా ఉంది. ఎక్కడో చల్లటి దేశంలో వందల ఆవులున్న ఫారంలో తీసిన లెక్కలతో చేసిన అల్గారిదం, పాకలో రెండు ఆవులను పలుపుతో కట్టేసే మన దగ్గర అలాగే పనిచేయదు. కట్టేసిన ఆవు ఎదకొచ్చినా తిరగలేదు కదా, నడక లెక్క ఏం పెరుగుతుంది? వీళ్లు కట్టేసిన ఆవుల మీదే డేటా తీశారు. ఈ పరికరంలో అసలు విలువ అదే.

ఏర్పేడు_లైన్_లీడ్
అసెంబ్లీ ఎవరు చేస్తారు? నేను లైన్ లీడ్‌ని, కింద 22 మంది అమ్మాయిలు, ఎక్కువమంది శ్రీకాళహస్తి, ఏర్పేడు పల్లెల నుంచి బస్సులో వస్తారు. చేతివేగం, ఓపిక రెండూ ఉన్న పిల్లలు. తప్పు వచ్చిందంటే చాలాసార్లు పని చెప్పిన తీరులోనే లోపం ఉంటుంది.

ప్రతి స్టేషన్ దగ్గర తెలుగులో ఒక్క పేజీ, ఫోటోతో పెట్టండి. మంచి ముక్క ఫోటో, చెడ్డ ముక్క ఫోటో పక్కపక్కనే. స్క్రూ "గట్టిగా బిగించు" అని రాయకండి, టార్క్ డ్రైవర్ ఇవ్వండి. ప్లాస్టిక్‌లో ఎక్కువ బిగిస్తే లోపల చీలుతుంది, ఆ రోజు కనిపించదు. గాస్కెట్ నల్ల డబ్బాలో నల్లగా ఉంటే పెట్టారో లేదో కంటికి ఆనదు, నారింజ రంగు తెప్పించండి.

ముఖ్యమైనది, లేబుల్. పరికరం లోపలి నంబరు, బయటి క్యూఆర్ ఒకటేనని జిగ్ మీదే స్కాన్ చేసి ప్రింట్ తీయండి. ముందే ప్రింట్ చేసిన స్టిక్కర్ల షీటు టేబుల్ మీద పెడితే ఏదో ఒకరోజు రెండు తారుమారవుతాయి. అప్పుడు ఒక ఆవు ఎదకొస్తే ఇంకో ఇంటికి మెసేజ్ పోతుంది.

డాక్టర్_కొమ్ము
అవును అమ్మా. కట్టేటప్పుడు కూడా ఆవు చెవిలోని పసుపు ట్యాగు 12 అంకెల నంబరు, పరికరం క్యూఆర్ రెండూ ఒకే స్క్రీన్ మీద స్కాన్ చేయించాలి. ఆవును అమ్మేసినా, పట్టీ పక్క ఆవుకు మార్చినా తెలుస్తుంది.

పలుపుతాడు_టెక్
రెండు రోజులుగా మేము నలుగురం ఈ చర్చ ముందేసుకుని కూర్చున్నాం. తేల్చుకున్నది రాస్తున్నాను, తప్పుంటే చెప్పండి.

మెషీన్ కొనడం లేదు. బోర్డు మారుస్తున్నాం: టెస్ట్ పాయింట్లు, సూపర్ కెపాసిటర్, ఎనిమిది బోర్డుల ప్యానెల్. డబ్బు ముందు ఎనిమిది బోర్డుల జిగ్‌కు, తర్వాత ఏఎస్ఏ డైకి. డెయిరీతో నిన్న మాట్లాడాను. మొదటి విడత 200, అవి ఈ వానాకాలం గడిచాకే మిగతావి అన్నాను. వాళ్ల మేనేజర్ మొదట ఒప్పుకోలేదు. పీడనం లెక్క చూపించి, తడిసిన బోర్డు ఒకటి టేబుల్ మీద పెట్టాక 300 చేయండి అన్నాడు. అడ్వాన్సు కూడా ఇస్తామన్నారు, ఎంతన్నది రాతలో రావాలి.

వేడిచేసి ముంచే టెస్ట్ చేశాం. పాత గాస్కెట్ డబ్బాలు పది పెడితే నాలుగు కారాయి. వెంట్ పొర అతికించినవి పది పెట్టాం, ఇంతవరకు పొడిగానే ఉన్నాయి. ఇత్తడి ఇన్సర్టులు చూశాం, మూడింట్లో పగులు ఉంది.

టంకం_వాసన
300 అంటే మంచి సంఖ్య. మెషీన్ మీద నా వాదన వెనక్కి తీసుకుంటున్నా. ఆ జిగ్ డిజైన్ అయ్యాక ఇక్కడ పెట్టండి, చూస్తాం.

గాజులమండ్యం_మోల్డ్
డై డ్రాయింగ్ ఇచ్చేముందు వెంట్ రంధ్రం, దాని అడ్డుగోడ కలిపే ఇవ్వండి. డై కోశాక స్టీల్ తీయడం తేలిక, కలపడం కష్టం. కొలత సందేహంగా ఉన్నచోట డైలో స్టీల్ ఎక్కువే ఉంచమని చెప్పండి, మొదటి ట్రయల్ చూసి తీయించొచ్చు. ఏఎస్ఏ గింజలను పోసేముందు 80 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెట్టమనండి, లేకపోతే ముక్క మీద వెండిచారలు వస్తాయి.

పోగోపిన్
300లో ఓ 20 పక్కన పెట్టండి, ఎవరికీ అమ్మొద్దు. పది షెడ్డు పైకప్పు మీద ఎండలో, పది పాకలో పేడ పక్కన. నెలకోసారి నిద్ర కరెంటు కొలిచి రాసుకోండి.

బంగారుపాళ్యం_పాడి
పేడ పక్కన పెట్టాల్సిన పది మా పాకలో పెట్టుకోండి, చోటుంది. ఆదివారం పట్టీలతో పాటు అవి కూడా తీసుకురా తమ్ముడూ.

పలుపుతాడు_టెక్
ఆ పదీ తయారవడానికి ఇంకా టైం పడుతుందన్నా. ఈ ఆదివారం పట్టీలు, వెంట్ పెట్టిన డబ్బాలు రెండు తెస్తాను. మీ ఆవులకున్న పాతవి విప్పి వెనక్కి తీసుకెళ్తా, ఇన్సర్టులు చూడాలి.

పుంగనూరు_పొట్టిది
చిన్న సైజు పట్టీకి మెడ కొలత ఎక్కడ తీయాలో చెప్పండి, మా ఆవుదీ చుట్టుపక్కల వాళ్ల ఆవులవీ కొలిచి పంపిస్తాను.

డాక్టర్_కొమ్ము
తల వెనక, చెవుల కింద నుంచి ఒకటి, మెడ మధ్యలో ఒకటి. ఆవు తల ఎత్తి నిలబడ్డప్పుడు తీయండి, మేత మేస్తున్నప్పుడు తీస్తే కొలత తేడా వస్తుంది. చూడి ఆవు అయితే ఎన్నో నెలో పక్కన రాయండి.